నికాహ్ లేని కాపురం - బిడ్డకు బాధ్యులెవరు?

పెళ్లి చేసుకోకుండానే స్త్రీ పురుషులు ఒకే ఇంట్లో కాపురముండటం, పిల్లల్ని కనటం, వాళ్లని ఇద్దరూ కలిసి పెంచటం - ఇదంతా ఎక్కడో పాశ్చాత్య దేశాల ముచ్చట అని మనం చాలాకాలం అనుకున్నాం. పత్రికలో అలాంటి వార్త కనబడితే 'తౌబా, తౌబా' అని పేజీ తిప్పేవాళ్లం. ఇప్పుడు పేజీ తిప్పేస్తే సరిపోదు. 'సహజీవనం' అనే మాట చట్టాల్లోకి వచ్చింది, న్యాయస్థానాల తీర్పుల్లోకి వచ్చింది, నెమ్మదిగా మన మొహల్లాల్లోకీ వచ్చింది.

సహజీవనం అనగానే మాదాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగాలు చేసుకునే యువతీ యువకులు మన కళ్లముందు మెదులుతారు. కాని ఉస్తాద్ దగ్గరికీ ఇమామ్ సాబ్ దగ్గరికీ వచ్చే ప్రశ్నలు వాళ్లవి కావు. భర్త చనిపోయి, మారు మనువుకు పుట్టింటివాళ్లు ఒప్పుకోక, పని చేసేచోట పరిచయమైన మనిషితో ఉండిపోయిన స్త్రీ ఉంటుంది. ఊళ్లో ఒక భార్య ఉండగా పట్నంలో మరొకామెతో ఇల్లు పెట్టి, "నికాహ్ తరువాత చూసుకుందాం" అని ఏళ్ల తరబడి దాటవేసే మగవాడుంటాడు. మతాలు వేరైనందువల్ల రెండువైపులవాళ్లూ వెలివేస్తే అద్దెగదిలో తలదాచుకున్న జంట ఉంటుంది. వీటన్నిటికంటే మనం సిగ్గుపడవలసిన కారణం ఇంకొకటుంది. జోడే కీ రఖం సమకూరలేదని, ఫంక్షన్ హాలుకు డబ్బు లేదని నికాహ్ వాయిదా వేసుకుంటూ, ఆ వాయిదాలోనే జారిపోయిన జంటలు. అందరి కథా ఒకటి కాదు. కాని ఒడిలో బిడ్డ పడ్డాక అడిగే ప్రశ్న ఒకటే - ఈ బిడ్డ ఎవరి పేరుతో పెరగాలి, ఎవరి సంపాదనతో పెరగాలి?

ఇస్లాం దృష్టిలో నికాహ్ లేకుండా దాంపత్యం నడపటం హరామ్. ఇందులో రెండో అభిప్రాయం లేదు. పాఠకులకు తెలిసిన విషయమే కనుక దీనిమీద ఎక్కువ రాయను. అయితే నికాహ్‌ను షరీఅత్ ఎంత సులభం చేసిందో, మనం ఎంత కష్టం చేసుకున్నామో మాత్రం రాయక తప్పదు. ఒకే మజ్లిస్‌లో ఈజాబ్, ఖుబూల్, వినటానికి ఇద్దరు సాక్షులు, స్త్రీకి మహర్ - హనఫీ ఫిఖ్హ్ ప్రకారం నికాహ్ కావటానికి ఇంతే కావాలి. మహర్‌కు కనీస పరిమితి పది దిర్హములు. మన ఉలమా లెక్క ప్రకారం అది సుమారు 30.6 గ్రాముల వెండి. మహర్ నిర్ణయించటం మరిచిపోయినా నికాహ్ చెల్లుతుంది, ఆ వంశంలోని స్త్రీలకు ఇచ్చేపాటి మహర్ ఆమెకు రావాలి. ఏమీ లేని ఒక పేదవాడు పెళ్లి కోరి వస్తే దైవప్రవక్త ముహమ్మద్ (స) అతణ్ణి ఇనుప ఉంగరమైనా వెతికి తెమ్మన్నారు. అదీ దొరకకపోతే అతనికి కంఠస్థమైన ఖుర్ఆన్ భాగాన్ని ఆధారం చేసుకొని నికాహ్ జరిపించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ప్రతి నికాహ్ ఖుత్బా సభలోనూ మనం దీన్ని వింటాం. విన్న తరువాత ఐదువందల మందికి బిర్యానీ వడ్డిస్తాం.

సూరె నూర్ 32వ ఆయత్‌లో ఒంటరివారికి పెళ్లిళ్లు చేయండన్న ఆజ్ఞ ఉంది. గమనించండి, 'పెళ్లి చేసుకోండి' అని కాదు, 'చేయండి' అని. అంటే బాధ్యత సమాజం మీద పెట్టారు. పేదరికాన్ని సాకుగా చూపవద్దని, అల్లాహ్ తన అనుగ్రహంతో వారిని సంపన్నులను చేస్తాడని ఆ ఆయత్‌లోనే అభయం ఉంది. కట్నం అడగటం ఈ దేశంలో 1961 నుంచే నేరం. షరీఅత్‌లో దానికి ఏనాడూ చోటు లేదు. అయినా ఆడపిల్ల తండ్రి నోటితో 'ఇంకో ఏడాది ఆగండి' అనిపిస్తున్న జమాఅత్ పెద్దలు, ఆ ఏడాదిలో జరిగిన పాపానికి పిల్లల్ని మాత్రమే నిందించటం ఏమి న్యాయం?

ఇక బిడ్డ విషయం. ఇక్కడ మన నోళ్లు అదుపులో ఉండాలి. ఏ ప్రాణీ మరొకరి పాపభారం మోయదని ఖుర్ఆన్ సూరె అన్ఆమ్‌లో ఖండితంగా చెప్పింది. అలా పుట్టిన బిడ్డను 'హరామీ' అని పిలిచేవాడు తల్లిదండ్రుల పాపాన్ని ఖండిస్తున్నానని అనుకుంటాడు. నిజానికి ఖుర్ఆన్ దించిన బరువును తిరిగి బిడ్డ నెత్తిన పెడుతున్నాడు.

సహీహ్ ముస్లింలో గామిద్ తెగ స్త్రీ ఉదంతం ఉంది. ఆమె తన పాపాన్ని తానే ఒప్పుకొంటూ గర్భవతిగా దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చింది. ఆయన వెంటనే శిక్ష విధించలేదు, ప్రసవమయ్యేదాకా తిరిగి పొమ్మన్నారు. ప్రసవమయ్యాక బిడ్డను ఎత్తుకొని వచ్చింది. పాలు విడిచేదాకా పెంచమని మళ్లీ పంపించారు. బిడ్డ చేతిలో రొట్టెముక్క పెట్టుకొని మూడోసారి వచ్చింది - తిండి తినగల వయసు వచ్చిందని చూపటానికి. అప్పుడు కూడా ముందుగా ఆ బిడ్డను ముస్లింలలో ఒకరికి అప్పగించిన తరువాతే మిగతా మాట. ఈ ఉదంతాన్ని మనవాళ్లు శిక్ష గురించి చెప్పటానికే ఎక్కువగా వాడుతారు. పాలు తాగే పసికందు హక్కు కోసం అంతటి తీర్పే అన్ని నెలలు ఆగిందన్న సంగతి దాటిపోతారు. బిడ్డ ఆకలికి, బిడ్డ సంరక్షణకు ముందు ఏర్పాటు చేయటం సున్నత్ అని ఈ ఉదంతం నుంచి నేర్చుకోవాలి.

వంశ సంబంధం, అంటే నసబ్ సంగతి కొంచెం సూక్ష్మమైనది. జాగ్రత్తగా చదవమని మనవి. నికాహ్ ఉన్న కాపురంలో పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే. ఇది హదీసు ద్వారా స్థిరపడిన సూత్రం. నికాహ్ లేకుండా పుట్టిన బిడ్డకు హనఫీ ఫిఖ్హ్‌లో నసబ్ తల్లి నుంచే వస్తుంది. తల్లికీ ఆమె వైపు బంధువులకూ ఆ బిడ్డ వారసుడు, వారు బిడ్డకు వారసులు. తండ్రి ఆస్తిలో వారసత్వం మాత్రం రాదు. ఇక గర్భం దాల్చిన తరువాత ఆ ఇద్దరే నికాహ్ చేసుకుంటే? చేసుకోవచ్చు. ఆ గర్భం అతనిదే అయితే ప్రసవం దాకా ఎడంగా ఉండవలసిన పని కూడా లేదు. నికాహ్ అయిన ఆరు నెలలకో, ఆ తరువాతో బిడ్డ పుడితే నసబ్ తండ్రికి చెందుతుంది. ఆరు నెలల లోపే పుట్టినా, ఆ పురుషుడు 'ఇది నా బిడ్డ' అని ఇఖ్రార్ చేసి, అక్రమ సంబంధం వల్ల పుట్టిందని నోటితో అనకుండా ఉంటే ఫుఖహా ఆ ఇఖ్రార్‌ను ఒప్పుకొన్నారు. బిడ్డను వంశం లేనివాడిగా వదిలేయటానికి కాకుండా, వంశంలో చేర్చటానికి మన పూర్వ పండితులు ఎంత వెసులుబాటు వెతికారో చూడండి. అలాంటప్పుడు పొరుగింటివాళ్లు నెలలు లెక్కపెట్టవలసిన అవసరం ఏముంది?

ఇప్పుడు అసలు చిక్కు. కొందరు మగవాళ్లు ఐదేళ్లు, పదేళ్లు కాపురం చేసినంతకాలం షరీఅత్ ఊసెత్తరు. ఆమె బిడ్డ ఖర్చులకు డబ్బు అడిగిన రోజున మాత్రం గొప్ప ఫఖీహ్‌లు అయిపోతారు. "నికాహ్ లేదు కదా, నసబ్ లేదు, నఫఖా నా మీద లేదు" అంటారు. సూరె బఖరా 233వ ఆయత్ పాలిచ్చే తల్లి తిండి, బట్ట తండ్రి మీద పెట్టిందని వీళ్లకు గుర్తుచేస్తే, 'అది పెళ్లాడిన తండ్రికి' అని వాదిస్తారు. ఫిఖ్హ్ గ్రంథాల్లోని ఒక వాక్యాన్ని చేతికర్ర చేసుకొని పసిబిడ్డ నోటిదగ్గర అన్నం తప్పించేవాడు షరీఅత్‌ను పాటిస్తున్నట్లా? హద్దులు దాటేటప్పుడు అడ్డు రాని షరీఅత్, బాధ్యత దగ్గర అడ్డు రావటం విడ్డూరం.

అదృష్టవశాత్తు ఈ వాదన న్యాయస్థానంలో చెల్లదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షన్ ఉండేది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ వచ్చింది. అంకె మారింది కాని సారం అదే. తనను తాను పోషించుకోలేని బిడ్డకు - సక్రమ సంతానమైనా, అక్రమ సంతానమైనా - తండ్రి భరణం ఇవ్వాలని అందులో స్పష్టంగా ఉంది. తల్లిదండ్రులకు పెళ్లయిందా లేదా అన్నది బిడ్డ హక్కుకు అడ్డం కాదు. అతడే తండ్రి అని రుజువైతే చాలు. అతను కాదని బుకాయిస్తే, తగిన ఆధారం ఉందని తోచినప్పుడు న్యాయస్థానం డి.ఎన్.ఎ. పరీక్షకు ఆదేశించవచ్చు. పూర్వం ఈ భరణానికి నెలకు ఐదువందల రూపాయల పరిమితి ఉండేది. 2001లో దాన్ని తీసేశారు. ఇప్పుడు తండ్రి రాబడినీ బిడ్డ అవసరాన్నీ చూసి మేజిస్ట్రేటు నిర్ణయిస్తారు. కేసు తేలేదాకా ఆగనక్కరలేదు, మధ్యంతర భరణం అడగవచ్చు. నోటీసు అందిన రోజు నుంచి వీలైనంతవరకు అరవై రోజుల్లో ఆ అభ్యర్థనను తేల్చాలని చట్టమే చెబుతోంది.

ముస్లిం పిల్లలకు ఈ సెక్షన్ వర్తించదని ఇంకా కొందరు వకీళ్ల గుమాస్తాలు చెబుతుంటారు, నమ్మవద్దు. 1986 నాటి ముస్లిం మహిళల చట్టం పిల్లల హక్కును తగ్గించలేదని సుప్రీంకోర్టు 1997లోనే తేల్చింది. అది విడాకులైన దంపతుల బిడ్డల కేసు. మగపిల్లలకు మేజర్ అయ్యేదాకా, ఆడపిల్లలకు పెళ్లయ్యేదాకా తండ్రి పోషణ ఉండాలని ఆ తీర్పు సారాంశం. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా ఈ సెక్షన్ కింద భరణం అడగవచ్చని 2024 జూలై 10న మరో తీర్పు వచ్చింది. ఆ కేసు మన తెలంగాణ నుంచి వెళ్లిందే.

బిడ్డ సంగతి ఇలా ఉండగా, ఆ తల్లి సంగతి ఇంత తేలిక కాదు. 144వ సెక్షన్ 'భార్య' అంటుంది. నికాహ్ లేని స్త్రీ తన కోసం దాని కింద అడగటం కష్టం. ఆమెకు ఉన్న దారి 2005 నాటి గృహహింస చట్టం. పెళ్లి కాకపోయినా 'పెళ్లిని పోలిన సంబంధం'లో ఒకే ఇంట్లో ఉన్న స్త్రీకి ఆ చట్టం రక్షణ, ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు ఇప్పిస్తుంది. అయితే ఏ సంబంధం పెళ్లిని పోలినది? తమిళనాడు నుంచి వెళ్లిన ఒక కేసులో 2010లో సుప్రీంకోర్టు కొలతలు చెప్పింది. ఇద్దరూ లోకానికి దంపతులుగా కనబడి ఉండాలి, పెళ్లి వయసు వచ్చి ఉండాలి, పెళ్లాడటానికి ఇద్దరికీ అడ్డంకి లేకుండా ఉండాలి, ఇష్టపూర్వకంగా చాలాకాలం కలిసి బతికి ఉండాలి. 2013లో మరో తీర్పు వచ్చింది. మగవాడికి పెళ్లయి భార్య ఉందని తెలిసీ అతనితో ఉన్న స్త్రీకి ఈ చట్టం ఆసరా దొరకలేదు. 'తరువాత చూసుకుందాం' అనే మాటను నమ్మి కూర్చున్న అమ్మాయిలూ, వాళ్ల తల్లులూ ఈ తేడాను బాగా గుర్తుంచుకోవాలి. అతను పెళ్లయినవాడైతే బిడ్డకు హక్కుంటుంది, ఆమె మాత్రం ఖాళీ చేతులతో మిగిలిపోవచ్చు.

నికాహ్ అయ్యే ఉంటుంది, రుజువు ఉండదు - ఇలాంటి ఇళ్లు కూడా మనలో తక్కువేమీ కాదు. నలుగురు పెద్దలు కూర్చుని నికాహ్ చదివించారు, రిజిస్టరులో ఎక్కించలేదు. సాక్షుల్లో ఒకరు చనిపోయారు, మరొకరు దుబాయిలో ఉన్నారు. అటువంటి ఇంటి పిల్లల వారసత్వ తగాదా ఒకటి 1952లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పెళ్లికి నేరుగా సాక్ష్యం లేదు. కాని ఇరవై ఏళ్లకు పైగా భార్యాభర్తలుగా బతికారు కనుక నికాహ్ జరిగిందనే భావించాలని, పిల్లలు సక్రమ సంతానమేనని న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఇరవై ఏళ్ల కాపురం సాక్ష్యమైంది సరే, రెండేళ్లకే వదిలేసిన వాడి మీద ఆమె ఏ సాక్ష్యం తెస్తుంది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లిళ్ల నమోదును తప్పనిసరి చేస్తూ 2002లోనే చట్టం వచ్చింది. నమోదు కాకపోతే నికాహ్ చెల్లదని కాదు. కాని ఖాజీ సాబ్ సంతకం ఉన్న ఒక్క కాగితం, పదిమంది సాక్షులు చేయలేని పని చేస్తుంది. నికాహ్‌నామా నకలు ఒకటి పిల్ల తల్లి పెట్టెలో ఉండాలి, అబ్బాయి ఇంట్లో మాత్రమే కాదు.

మతాలు వేరైన జంటల విషయంలో ఉలమా మాట కఠినంగానే ఉంటుంది, ఉండాలి కూడా. అయితే పుట్టిన బిడ్డ దగ్గరికి వచ్చేసరికి న్యాయస్థానాలు మన ఫిఖ్హ్ పదాలనే పట్టుకొని దారి వెతికాయి. పూర్తిగా రద్దయిన పెళ్లి 'బాతిల్', లోపంతో కూడిన పెళ్లి 'ఫాసిద్'. ఫాసిద్ నికాహ్‌లో బిడ్డకు నసబ్ ఉంటుంది. ముస్లిం పురుషుడు హిందూ స్త్రీని చేసుకున్న పెళ్లి ఫాసిద్ అని, వారి కొడుకు సక్రమ సంతానమని, తండ్రి ఆస్తిలో వాటా ఉందని కేరళ కేసు ఒకదానిలో 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. భార్య ఉండగానే ఆమె చెల్లెల్ని చేసుకున్న మరో ఉదంతం కర్ణాటక నుంచి వచ్చింది. అక్కాచెల్లెళ్లను ఒకేసారి పెళ్లాడటం ఖుర్ఆన్ నిషేధించిన పని. అయినా ఆ పెళ్లిని కూడా ఫాసిద్‌గానే లెక్కించి, ఆ స్త్రీకీ బిడ్డకూ భరణం ఇవ్వాలని 2008లో తీర్పు వచ్చింది. ఈ తీర్పుల్లోని ఫిఖ్హ్ వాదన మీద ముఫ్తీలకు అభ్యంతరాలు ఉండవచ్చు. నాకూ కొన్ని ఉన్నాయి. కాని పసిబిడ్డను వీధిలో వదలకూడదన్న ఉద్దేశాన్ని తప్పుపట్టలేను.

ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి 27న అమల్లోకి వచ్చిన ఉమ్మడి పౌరస్మృతి సహజీవనం చేసే జంటలు నెల రోజుల్లోగా నమోదు చేసుకోవాలంది. వారి పిల్లలు సక్రమ సంతానమని, వదిలేయబడిన స్త్రీ భరణం అడగవచ్చని కూడా అంది. ఆ చట్టం మన రెండు తెలుగు రాష్ట్రాలకు వర్తించదు. ఎవరైనా వచ్చి 'ఇప్పుడు నమోదు చేసుకుంటే పెళ్లి అక్కరలేదట' అని చెబితే నమ్మి మోసపోవద్దు. గల్ఫ్‌కు పోయే మన కడప, రాయచోటి, గోదావరి జిల్లాల సోదరీమణులకు మరో హెచ్చరిక. కువైట్, సౌదీ వంటి దేశాల్లో నికాహ్ లేని సంబంధం నేరం. నికాహ్ పత్రం లేకపోతే కాన్పు దగ్గర్నుంచి బిడ్డ కాగితాల దాకా అన్నీ చిక్కే. అక్కడ ఎవరైనా 'మనసులో నికాహ్ చేసుకున్నాం' అని అంటే, ఆ మనసు కాగితం మీద పెట్టమని అడగండి.

పశ్చాత్తాపం కలిగి, నికాహ్ చేసుకొని, అంతకుముందే పుట్టి పెరిగిన బిడ్డ గురించి దిగులుపడే తండ్రులకు ఒక మాట. ఆ బిడ్డకు వారసత్వంగా రాదు కనుక నేనేమీ చేయలేనని చేతులు కట్టుకోవద్దు. బతికి ఉండగానే హిబా ఇవ్వవచ్చు. ఇల్లో స్థలమో ఇస్తున్నానని చెప్పటం, ఆ వైపు నుంచి స్వీకరించటం, స్వాధీనం అప్పగించటం - ఈ మూడూ జరగాలి, నోటిమాటతో వదిలేస్తే రేపు తమ్ముళ్లు తగాదాకు వస్తారు. ఇంకొక దారి వసియ్యత్. షరీఅత్ ప్రకారం వారసుడికి వసియ్యత్ చెల్లదు. మరి ఈ బిడ్డ వారసుడు కాడు గదా! కనుక అప్పులు, అంత్యక్రియల ఖర్చు పోగా మిగిలిన ఆస్తిలో మూడోవంతు దాకా ఆ బిడ్డ పేర వసియ్యత్ రాయవచ్చు. ఏ నియమం వల్ల ఆ బిడ్డ వాటా కోల్పోయాడో, ఆ నియమమే అతనికి ఈ తలుపు తెరిచింది. కొన్ని ఇళ్లలో చట్టప్రకారం ఒక్కో కూతురికి వచ్చే వాటా కంటే ఇది ఎక్కువే అవుతుంది. ఇద్దరు సాక్షులతో రాయించి, రిజిస్టరు చేయిస్తే మంచిది.

తండ్రి పేరు చెప్పటానికి వీల్లేని బిడ్డ ఏ కాగితమూ లేకుండా పెరగాలని కూడా లేదు. పెళ్లికాని తల్లి అఫిడవిట్ ఇచ్చి అడిగితే జనన ధృవపత్రం ఇవ్వాలని 2015 జూలైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లి లేక తండ్రి, ఒక్కరి పేరు చాలునని 2016 డిసెంబరులో నిబంధన మార్చారు. సూరె అహ్‌జాబ్ 5వ ఆయత్‌లో పిల్లల్ని వారి తండ్రుల పేర్లతోనే పిలవమని ఉంది. తండ్రులెవరో తెలియకపోతే వారు ధర్మంలో మీ సోదరులని కూడా అక్కడే ఉంది. మదరసాల్లో చేర్చుకొనే పెద్దలు ఆ రెండో భాగాన్ని కూడా చదవాలి.

భరణం కోసం న్యాయస్థానానికి వెళ్లే స్త్రీ వకీలు ఫీజుకు భయపడనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకూ పిల్లలకూ, ఆదాయం ఎంతైనా సరే, ఉచితంగా వకీలును ఇస్తారు. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. ఫోను నంబరు 15100. దరఖాస్తు తెలుగులో రాసి ఇవ్వవచ్చు, రాయటం రాకపోతే చెప్పింది వాళ్లే రాసుకుంటారు. వెళ్లేటప్పుడు బిడ్డ జనన ధృవపత్రం, ఇద్దరి పేర్లూ ఉన్న అద్దె కాగితం, ఆసుపత్రి చీటీలు, కలిసి తీయించుకున్న ఫోటోలు, అతను డబ్బు పంపిన బ్యాంకు రసీదులు - ఏవి ఉంటే అవి వెంట తీసుకువెళ్లాలి. అతను పని చేసేచోటు చిరునామా, జీతం వివరం కూడా తెలిస్తే ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి.